చెరువు ఎవరిదో చెప్పని పర్యావరణ చదువు
(వాడ నుంచి వర్సిటీ దాకా – 9)

పోయిన ఆదివారం మా అక్క కూతురు ఫోన్ చేసింది. డిగ్రీ అయిపోయింది. పీజీ ఎంట్రన్స్‌లో ర్యాంకు వచ్చింది. జువాలజీ దొరికేట్టుంది, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ కూడా దొరికేట్టుంది. "చిన్నమ్మా, నువ్వు చదివిందే గదా. చేరమంటావా, వద్దంటావా?" అని అడిగింది.

ఒక్క మాటలో చెప్పలేకపోయాను. "రెండ్రోజులు ఆగవే, రాసి పెడతా" అన్నాను. ఇది ఆ పిల్ల కోసం రాస్తున్నది. ఈ ఏడు మన వాడల నుంచి ఆ డిపార్ట్‌మెంట్ మెట్లెక్కబోయే పిల్లలందరి కోసం కూడా. వాళ్లకి పాఠం చెప్పబోయే సార్లూ మేడమ్‌లూ చదివినా మంచిదే.

ముందే చెప్తున్నా, చేరొద్దని రాయటం లేదు. నేను రెండేళ్లు చదివాను. నీళ్లలో బీఓడీ తియ్యటం నేర్చుకున్నాను, మట్టిలో సేంద్రియ కర్బనం లెక్క కట్టటం నేర్చుకున్నాను. ఆ విద్య నాకు ఇష్టం. నా గొడవ ఆ విద్యతో కాదు. మన దేశంలో దాని సిలబస్‌ని ఎవరి అరుగు మీద కూర్చుని రాశారు, ఆ అరుగు మీద నుంచి చూస్తే ఏం కనపడింది, ఏం కనపడలేదు అన్నదే నా గొడవ.

*

మొదటి క్లాసు 1972 స్టాక్‌హోమ్ సదస్సుతో మొదలైంది. తర్వాత 1984 భోపాల్, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం, 1992 రియో. ఆఖర్న సార్ బోర్డు మీద ఒక వాక్యం రాశారు. మానవుడు తన స్వార్థం కోసం ప్రకృతిని నాశనం చేస్తున్నాడు. అందరం నోట్సులో ఎక్కించుకున్నాం. నేనూ ఎక్కించుకున్నాను. రాస్తుంటే ఒక అనుమానం పట్టుకుంది. ఈ మానవుడు ఎవరు? మా నాయనా? మా నాయనకి సెంటు పొలం లేదు. కొండ తవ్వితే కూలికి తవ్వాడు, చెట్టు నరికితే కూలికి నరికాడు. కొండ అమ్ముకున్నవాడూ, కొండ కింద పలుగు పట్టుకున్నవాడూ ఒకే మానవుడు ఎట్లా అయ్యారు?

డిగ్రీ పిల్లలందరికీ పర్యావరణ పాఠం తప్పనిసరి అవటం వెనక ఒక కథ ఉంది. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు ఈ పాఠం చెప్పాలంది. దాని మీదట యూజీసీ ఆరు నెలల కోర్ మాడ్యూల్ తయారు చేయించింది. ఎనిమిది యూనిట్లు. రెండో యూనిట్ సహజ వనరులు: అడవి, నీరు, ఖనిజాలు, ఆహారం, శక్తి, భూమి. ఆరో యూనిట్ పేరే సామాజిక సమస్యలు. అందులో వాన నీటి నిల్వ ఉంది, పునరావాసం ఉంది, బంజర్ల అభివృద్ధి ఉంది, పర్యావరణ నీతి ఉంది. ఏడో యూనిట్‌లో జనాభా ఉంది, హెచ్ఐవీ ఎయిడ్స్ కూడా ఉంది. కులం లేదు. నీళ్లు ఎవరికి అందాలి, భూమి ఎవరికి ఉండాలి, పెంట ఎవరు ఎత్తాలి అని వేల ఏళ్లుగా తేల్చిన ఏర్పాటుకి ఎనిమిది యూనిట్ల పాఠ్య ప్రణాళికలో ఒక్క వరుస లేదు. ఎయిడ్స్‌కి దొరికిన చోటు కులానికి దొరకలేదు.

*

ఇక నీటి కాలుష్యం క్లాసు. సార్ ఒక్కొక్కరినీ లేపి మీ జిల్లాలో నీటి కాలుష్యానికి ఒక ఉదాహరణ చెప్పమన్నారు. ఒకరు రొయ్యల చెరువులు అన్నారు. ఒకరు ఫ్యాక్టరీ అన్నారు. నా వంతు వచ్చింది. "కారంచేడు సార్" అన్నాను.

క్లాసు అంతా గమ్మున అయిపోయింది.

తెలియని పిల్లల కోసం చెప్తున్నా. 1985 జులై 16. ప్రకాశం జిల్లా కారంచేడు, ఇప్పుడు బాపట్ల జిల్లా. మాదిగపల్లె వాళ్లు మంచినీళ్లు ముంచుకునే చెరువు. ఊరి పెద్ద కులం కుర్రాడు పశువుల కుడితి బకెట్ల మురికి ఆ నీళ్లలోకి పోనిస్తున్నాడు. మేం తాగే నీళ్లయ్యా అని ఒక మాదిగ పిల్లవాడు అడ్డు చెప్పాడు. వాడిని కొట్టారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అడ్డం వెళ్లింది. ఆమె మీదికీ వస్తే చేతిలో బిందె ఎత్తింది. తెల్లారి జులై 17న పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఆడపిల్లల్ని చెరిచారు. బతికినవాళ్లు చీరాల చేరి శిబిరం పెట్టుకున్నారు. దళిత మహాసభ ఆ శిబిరంలో నుంచే లేచింది.

ఇప్పుడు మీ పాఠ్యపుస్తకం ప్రకారమే చూడండి. పాయింట్ సోర్స్ ఉంది, చెరువు మెట్టు దగ్గర బకెట్టు. కలిసిన పదార్థం ఉంది, పశువుల ఎంగిలి కుడితి. దెబ్బ తిన్న నీటి వనరు ఉంది, తాగునీటి చెరువు. ముప్పు ముందే పసిగట్టి ఆపబోయిన మనిషి ఉంది, సువార్త. నీటి కాలుష్యానికి ఇంతకన్నా నిండైన ఉదాహరణ ఏది?

సార్ ఏమన్నారంటే, "అది లా అండ్ ఆర్డర్ అమ్మా. సోషియాలజీ వాళ్లు చూసుకుంటారు. మనది సైన్స్."

ఆయన చెడ్డమనిషి కాదు. నాకు ల్యాబ్‌లో చెయ్యి పట్టుకుని పని నేర్పింది ఆయనే. అందుకే ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అదే వారంలో చిప్కో పాఠం జరిగింది. 1973లో హిమాలయాల్లో మొదలైన ఆ ఉద్యమంలో చెట్లను కావలించుకున్న ఆడవాళ్ల గురించి ఎంతో గౌరవంగా చెప్పారు. వాళ్లు గొప్పవాళ్లే, దణ్ణం పెడతాను. చెట్టు కోసం చేతులు చాచిన ఆడది పర్యావరణ చరిత్రలోకి ఎక్కింది. నీళ్ల కోసం బిందె ఎత్తిన ఆడది పోలీసు రికార్డులోకి ఎక్కింది. ఈ తేడా సైన్సు పెట్టిందా?

మన దేశంలో నీటి గురించి జరిగిన పోరాటాలకి మొదటి పాఠం మహద్. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు దోసిట్లో తీసుకుని తాగారు. ఆ చెరువులో పశువులు దిగొచ్చు, అంటరానివాళ్లు దిగకూడదు. మనవాళ్లు తాగి వెళ్లాక ఊరి సనాతనులు ఏం చేశారో తెలుసా? చెరువు మైలపడిందని 108 కుండల పంచగవ్యం పోసి శుద్ధి చేశామన్నారు. ఆవు పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు, నెయ్యి. పర్యావరణ విద్యార్థులారా, మీకొక లెక్క ఇస్తున్నా. తాగునీటి చెరువులో 108 కుండల సేంద్రియ పదార్థం కలిపితే బీఓడీ పెరుగుతుందా, తగ్గుతుందా? ప్రతి యూనివర్సిటీలో నీటి కాలుష్యం మొదటి ప్రశ్నగా ఇది అడగాలి. చెరువు మీద హక్కు మనదేనని బొంబాయి హైకోర్టు తేల్చటానికి 1937 దాకా పట్టింది.

ఈ దేశంలో కాలుష్యం గురించి పుట్టిన మొట్టమొదటి సిద్ధాంతం మన ఒంటి గురించే. మన నీడ కాలుష్యం, మన చెయ్యి కాలుష్యం. మైల, అంటు, ముట్టు. ఈ మాటల చరిత్ర చెప్పకుండా ఇక్కడ కాలుష్యం పాఠం మొదలుపెట్టటం కుదరదు.

*

"రసాయనాలకి కులం ఉండదు" అని నాకు చాలామంది చెప్పారు. నిజమే, ఉండదు. కానీ సీసా ఎక్కడ ముంచాలో తేల్చేది మనిషి. నాకు జరిగింది చెప్తాను.

మా ప్రాజెక్టు భూగర్భ జలంలో ఫ్లోరైడ్ మీద. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని మొదట గుర్తించి 1937లో రాసింది అప్పటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లా ఊళ్లలోనే. అంటే ఇది మన ఇంటి జబ్బు. తాగే నీళ్లలో లీటరుకి ఒక మిల్లీగ్రామ్ లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. అది దాటితే పళ్లకి గార, ఇంకా పెరిగితే నడుములు వంగిపోవటం.

మేం తీసుకున్న ఊళ్లో పన్నెండు శాంపిళ్లు అనుకున్నాం. పంచాయతీ ఆఫీసు, స్కూలు, గుడి వెనక బావి, పెద్ద రైతుల బోర్లు. లిస్టు చూశాను. పల్లె లేదు. "మాల మాదిగ పల్లెల్లో రెండు బోర్లు ఉన్నాయి సార్, అవి కూడా తీద్దాం" అన్నాను. "ఊరికి సరిపడా రిప్రజెంటేటివ్ శాంపిల్ వచ్చేసింది కదమ్మా" అన్నారు. నేను వినలేదు. మర్నాడు బస్సెక్కి వెళ్లి రెండు సీసాలు పట్టుకొచ్చాను. ల్యాబ్‌లో రంగు చూసి రీడింగ్ తీశాను. ఊరి నడిమి నీళ్లలో ఒక్కటి తప్ప అన్నీ పరిమితి లోపలే ఉన్నాయి. పల్లె బోర్లు రెండూ పరిమితి దాటాయి.

ఎందుకు దాటాయి? దీనికి జవాబు భూగర్భ శాస్త్రంలోనే ఉంది. గట్టి గ్రానైట్ రాతిలో నీళ్లు ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్ రాతిలో నుంచి దిగుతుంది. చెరువు పక్కన బావులకి ఏటా కొత్త నీళ్లు ఊరుతాయి, ఉప్పు పల్చబడుతుంది. చెరువుకి దూరంగా, మెరక మీద, లోతుగా వేసిన బోరుకి ఆ ఊట అందదు. పల్లెని చెరువుకి దూరంగా మెరక మీదికి నెట్టింది ఎవరు? రాయి కాదు కదా. ఊరిలో ఇంటి జాగా నిర్ణయించింది కులం. జాగా నిర్ణయించింది బోరు లోతుని. బోరు లోతు నిర్ణయించింది ఫ్లోరైడ్‌ని. ఫ్లోరైడ్ నిర్ణయించింది మా పిల్లల పళ్లని, మా ముసలోళ్ల మోకాళ్లని. ఈ వరుసలో సైన్సు ఎక్కడ ఆగింది, కులం ఎక్కడ మొదలైంది? గీత గీసి చూపించండి.

ఆఖరి రిపోర్టులో నా రెండు రీడింగులూ సగటులోకి రాలేదు. అనుబంధంలో ఒక మూల పెట్టి, పక్కన "అవుట్‌లయర్స్" అని రాశారు. మిగతా అంకెలతో కలవనివి, పక్కన పెట్టాల్సినవి అని దాని అర్థం.

ఆ ఇంగ్లీషు మాటకి తెలుగు మా తాతలకి తెలుసు. వెలి.

*

ఇక సహజ వనరుల పేపరు. ప్రపంచమంతా చెప్పే పాఠం ఒకటుంది, గారెట్ హార్డిన్ 1968లో రాసిన ఉమ్మడి వనరుల విషాదం. అందరికీ తెరిచి ఉన్న ఒక పచ్చిక బీడు అనుకోమంటాడు. ప్రతివాడూ తన మంద పెంచుకుంటాడు, చివరికి బీడు నాశనమవుతుంది, కాబట్టి ఉమ్మడి ఆస్తి నిలవదు అంటాడు. పరీక్షకి రాశాను, మార్కులు వచ్చాయి. కానీ అందరికీ తెరిచి ఉన్న బీడు మన ఊళ్లో ఎక్కడుంది? ఉమ్మడి చెరువు, ఉమ్మడి బావి, ఉమ్మడి శ్మశానం అని కాగితం మీద రాసి ఉంటుంది. మన శవానికి దారి ఇవ్వరు. మన విషాదం ఉమ్మడి వల్ల వచ్చింది కాదు, ఉమ్మడి లేకపోవటం వల్ల వచ్చింది.

హార్డిన్ తప్పని ఎలినార్ ఆస్ట్రమ్ నిరూపించింది. ఊళ్లవాళ్లు తమలో తాము కట్టుబాట్లు పెట్టుకుని చెరువుల్నీ అడవుల్నీ తరాల తరబడి కాపాడుకున్నారని చూపించింది. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ తీసుకున్న మొదటి ఆడమనిషి ఆమె. ఆమెను చదివి సంబరపడ్డాను. కానీ ఆమె చెప్పిన సూత్రాల్లో మొదటిదే ఏమిటంటే, వనరు ఎవరిది, ఎవరిది కాదు అనే హద్దు స్పష్టంగా ఉండాలి. మన ఊళ్లో ఆ హద్దు స్పష్టంగానే ఉంది తల్లీ. ఊరికీ వాడకీ మధ్య ఉంది. "గ్రామ సమాజం చెరువుల్ని చక్కగా కాపాడుకుంది" అని మన ప్రొఫెసర్లు రాసినప్పుడల్లా నేను అడుగుతాను. ఆ సమాజంలో మేం ఉన్నామా?

ఉన్నాం, పనికి ఉన్నాం. తెలంగాణ ఊళ్లలో నీరటి అని ఒకడుండేవాడు. తూము ఎత్తేది, ఏ పొలానికి ఎంత సేపు నీళ్లు పారాలో చూసేది, రాత్రిళ్లు కట్ట మీద పడుకుని గండి పడకుండా కాచేది వాడే. చాలా ఊళ్లలో ఆ పని మనవాళ్లదే. ఊరందరి పొలానికీ నీళ్లు పంచినవాడికి తడపటానికి చారెడు పొలం ఉండేది కాదు. ఊరి బావిలో చేద వెయ్యనిచ్చేవాళ్లు కాదు. చెరువు లోతు, తూము గుట్టు, వాన పోకడ తెలిసిన ఆ ఇంజినీరు పేరు ఏ సిలబస్‌లో ఉంది? మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువుల పూడిక తియ్యాలని తెలంగాణ సర్కారు పెట్టుకుంది. మంచి పనే. తీసిన మట్టి ఎవరి పొలానికి పోతుంది? పొలం ఉన్నవాడి పొలానికి. 2011 లెక్కల్లో దేశ జనాభాలో దళితులు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో సాగుభూమిలో మన చేతిలో ఉన్నది 9 శాతం లోపు. సహజ వనరుల పేపరు ఈ రెండు అంకెల దగ్గర మొదలవ్వాలి.

*

విషం పాఠం దగ్గరికి వద్దాం. డీడీటీ ఆహార గొలుసులో పైకి ఎక్కుతూ గద్ద దాకా పోయి, గుడ్డు పెంకు పల్చబడి పగిలిపోవటం మాకు చెప్పారు. రేచల్ కార్సన్ 1962 పుస్తకం సైలెంట్ స్ప్రింగ్ గురించి చెప్పారు. పిట్టలు లేక మూగబోయిన వసంతం గురించి క్లాసులో కొందరికి కళ్లు చెమర్చాయి. నేను లైబ్రరీలో ఆ పుస్తకం తెచ్చుకుని చదివాను. తోటల్లో మందుకి కుప్పకూలిన కూలీల గురించి కూడా ఆమె రాసింది. మా క్లాసులోకి పిట్టలు వచ్చాయి, కూలీలు రాలేదు.

మా నాయన మిరప చేలల్లో మందు కొట్టాడు. వీపుకి పంపు, మూతికి తువ్వాలు. సాయంత్రానికి కళ్లు మసకలు, నోట్లో చొంగ, ఒళ్లంతా చెమట. దాన్ని మా ఇంట్లో "మందు ఎక్కటం" అనేవాళ్లు. మోనోక్రోటోఫాస్ లాంటి మందులు నరాల దగ్గర ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ని కట్టేస్తాయని, ఆ లక్షణాలు దానివేనని, విరుగుడుగా అట్రోపిన్ ఇస్తారని పీజీలో చదివాను. చదివిన రోజు రాత్రి హాస్టల్లో నిద్ర పట్టలేదు. గద్ద గుడ్డు పెంకు మందం కొలిచిన శాస్త్రం మా నాయన రక్తం ఎందుకు కొలవలేదు?

మురుగు శుద్ధి పాఠం కూడా అంతే. ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ అని బొమ్మలు వేసి పది మార్కులకి రాశాం. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు మా నోట్సులో "దుర్వాసన" కింద ఒక వరుసలో వచ్చింది. గాలి కన్నా బరువైన ఆ వాయువు మ్యాన్‌హోల్ అడుగున పేరుకుంటుంది. వంద పీపీఎం దగ్గర ముక్కు వాసన పట్టటం మానేస్తుంది. కంపు పోయింది కదా అని మనిషి ఇంకా కిందికి దిగుతాడు. ఇంకా ఎక్కువైతే నిమిషాల్లో చచ్చిపోతాడు. దిగేది ఎవరో ఈ దేశంలో చెప్పక్కర్లేదు. 1993లో చట్టం వచ్చింది, 2013లో ఇంకో చట్టం వచ్చింది. 2014లో సుప్రీంకోర్టు చచ్చిపోయినవాళ్ల కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వమంది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. చావులు ఆగలేదు, ధర పెరిగింది. ఊరి మురుగు మొత్తాన్ని తన ఊపిరితిత్తులతో శుద్ధి చేసేవాడు మీ బొమ్మలో ఏ ట్యాంకు పక్కన ఉన్నాడు?

*

"ప్రతిదాంట్లోకీ కులాన్ని లాగుతావు" అంటారు. "వాతావరణ మార్పు అందరికీ ఒకటే, ముందు భూమిని కాపాడుకుందాం, తర్వాత కులం సంగతి చూద్దాం" అంటారు. 2015 మే ఎండల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో 1,500 మందికి పైగా చచ్చిపోయారు. ఎండ అందరి మీదా ఒకటే కాసింది. నీడ అందరికీ లేదు. ఆ నెలలో పని మానితే పొయ్యి వెలగనివాళ్లు ఎండలోకి పోయారు.

ఇంకో తమాషా చెప్తాను. అమెరికాలో నల్లవాళ్ల ఊరి పక్కన విషపు చెత్త పోస్తుంటే 1982లో నార్త్ కరోలినా వారెన్ కౌంటీలో జనం రోడ్డు మీద పడుకున్నారు. వందల మంది అరెస్టయ్యారు. పర్యావరణ జాతివివక్ష అనే మాట ఆ పోరాటాల్లో నుంచి వచ్చింది. ఇది మాకు పాఠంగా చెప్పారు, చాలా బాగా చెప్పారు. క్లాసు అంతా అమెరికా వాళ్ల మీద కోపం తెచ్చుకుంది. ఊరి చెత్త మన పల్లెల పక్కనే ఎందుకు పడుతుందని మాత్రం ఎవరూ అడగలేదు. వాళ్ల జాతి వివక్ష సైన్సు అయింది, మన కులం సోషియాలజీ అయింది.

పోనీ ఆ సోషియాలజీనే విదేశాల్లో చదువుకుందామా అంటే, 2022లో కేంద్రం జాతీయ విదేశీ విద్యా ఉపకార వేతనం నియమాలు మార్చింది. ఆ ఉపకార వేతనం ఉన్నదే ముఖ్యంగా మన పిల్లల కోసం. భారతీయ సంస్కృతి, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనం లాంటి అంశాలకి డబ్బు ఇవ్వమని అందులో రాశారు. అంటే ఇక్కడ నీళ్లకీ కులానికీ ఉన్న లంకె మీద పరిశోధన చేస్తానంటే ఇక్కడ సైన్సు తలుపు మూసింది, అక్కడికి పోయే తలుపు సర్కారు మూసింది.

2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు అడ్డం నిలబడ్డారు, అరెస్టయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరకటం ఆపమంది. నేను ఆ పిల్లల పక్షమే. జింకల కోసం, నెమళ్ల కోసం రాష్ట్రమంతా మాట్లాడింది, మాట్లాడాలి కూడా. కానీ ఆ క్యాంపస్ పేరు వినగానే నాకు ఇంకో జనవరి గుర్తొస్తుంది. 2016లో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు హాస్టల్ గదుల నుంచి గెంటబడి, ఆరుబయట గుడారం వేసుకుని, దానికి వెలివాడ అని పేరు పెట్టుకుని చలిలో పడుకున్నారు. వాళ్లలో రోహిత్ వేముల సైన్సు రచయిత కావాలని కలగన్నవాడు. జనవరి 17న వెళ్లిపోయాడు. నెమలికి గూడు పోతే బాధపడే మనసున్న ప్రతి ఒక్కరినీ అడుగుతున్నా. గూడు పోయిన మనిషి మీ జీవవైవిధ్యంలో లేడా?

*

అక్క కూతురా, ఇప్పుడు నీకు చెప్తున్నా. చేరు.

చేరు, ఎందుకంటే ఈ సబ్జెక్టు మనది. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు దామోదర్ లోయ, హిరాకుడ్ ప్రాజెక్టుల పని ఆయన శాఖ చేతిలోనే నడిచింది. ఇప్పటి కేంద్ర జల సంఘానికి మూలమైన సంస్థ 1945లో ఆయన సలహా మీద పుట్టింది. నీటి వనరుల పేపర్లో ఆయన పేరు కనపడకపోతే లేచి చెప్పు. ఆ ఆనకట్టల కింద మునిగిన ఆదివాసుల గోడు కూడా చదువు. మన నాయకుడి పని కాబట్టి ఆ ప్రశ్న వదిలెయ్యొద్దు. ప్రశ్న వదిలెయ్యటం ఆయన మనకి నేర్పలేదు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లకి ఒకసారి పోయి రా. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చేరిన దళిత ఆడవాళ్లు, ఎందుకూ పనికిరాని బీడు అని సర్కారు పంచిన నేలల్లో జొన్న, కొర్ర, సామ, కంది కలిపి ఒకే చేలో పదికి పైగా పంటలు తీశారు. విత్తనాలు బూడిదలో, వేపాకులో దాచి ఇంటిని విత్తనాల బ్యాంకు చేశారు. 2008లో సొంతంగా రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి తీసుకున్నారు. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అని ప్రపంచం పండగ చేసుకునే నాటికి వాళ్లు ముప్పై ఏళ్లు ముందున్నారు. చదవటం రాయటం రాని ఆ అమ్మల దగ్గర కూడా ఒక సెమిస్టర్ చదువుంది.

మీ తాత తంగేడు చెక్కతో, సున్నంతో, కరక్కాయతో తోలు ఊనేవాడు. చెట్టు బెరడులో ఉన్న టానిన్‌తో తోలుని కుళ్లకుండా ఆపటం అది. ఇప్పుడు క్రోమియం విషం నుంచి బయటపడాలని పరిశోధనశాలలు ఆ దారే వెతుకుతున్నాయి. అయితే దాన్ని తలుచుకుని మురిసిపోవద్దు. ఆయన ఆ గుంతలో ఇష్టపడి నిలబడలేదు, వేరే పని చెయ్యనివ్వక నిలబెట్టారు. విద్యని గౌరవించు, నిలబెట్టినవాడిని క్షమించకు.

సార్లకీ మేడమ్‌లకీ నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. సిలబస్‌లో చిప్కో పక్కన మహద్, కారంచేడు పెట్టండి. ఏ ఊళ్లో శాంపిల్ తీసినా ఎస్సీ, ఎస్టీ వాడల్లో విడిగా తీసి, విడిగా రాయండి, సగటులో కలిపి మాయం చెయ్యకండి. పురుగుమందు పాఠంలో మందు కొట్టే కూలీని, మురుగు పాఠంలో మ్యాన్‌హోల్‌లోకి దిగేవాడిని చేర్చండి. ఖాళీగా ఉన్న రిజర్వేషన్ పోస్టులు నింపండి. వాడలో పుట్టినవాడు బోర్డు ముందు నిలబడితే ఈ పాఠాలు వాటంతటవే మారతాయి.

యూజీసీ సిలబస్‌లో ఫీల్డ్ వర్క్ ఉంది. దగ్గర్లో ఉన్న ఒక చోటుకి పోయి చూసి రాయాలి. అందరూ కొలను దగ్గరికో, కొండ దగ్గరికో పోయి పిట్టల పేర్లు రాసుకొస్తారు. నువ్వు మన పల్లెకి రా. రెండు సీసాలు తెచ్చుకో. నేను తీసిన ఆ బోర్లు ఇంకా అక్కడే ఉన్నాయి, జనం ఇంకా ఆ నీళ్లే తాగుతున్నారు. రీడింగ్ తియ్యి. ఈసారి అనుబంధంలో కాదు, మొదటి పేజీలో రాయి. ఎవరైనా అవుట్‌లయర్ అంటే, దాని తెలుగు అర్థం చెప్పు.

బస్సు చార్జీలు నేనిస్తా.

(వచ్చే భాగంలో: అసైన్డ్ భూములు, సోలార్ పలకలు, "బంజరు" అనే మాట.)

జై భీమ్.